ఎడమకు లాగిన బండి

మా పికప్ బండి ముందు భాగాన్ని ఎత్తించాలన్నది నా పట్టుదలే. పుల్లలచెరువు దాటి అడవి అంచున ఉన్న మా అక్కవాళ్ల ఊరికి గొర్రెల కోసం వెళ్లిన ప్రతిసారీ ఇంజను అడుగుభాగం రాళ్లకు కొట్టుకునేది. నాయన వద్దన్నాడు.

"కంపెనీ వాళ్లు అంత ఎత్తే పెట్టినారంటే ఊరికే పెట్టినారా?"

నేను వినలేదు. మార్కాపురంలో ఒక మెకానిక్ చేత ముందు చక్రాల స్ప్రింగు కడ్డీలు బిగింపించి మూడు అంగుళాలు లేపించాను. రాళ్ల దారిలో బండి దేనికీ తగలకుండా పోయింది. ఆ వారమంతా ఇంట్లో నాదే మాట.

తర్వాత తారురోడ్డు మీద స్టీరింగు ఎడమకు లాగడం మొదలైంది. చేయి వదిలితే బండి రోడ్డు దిగిపోయేది. ముందు టైర్ల బయటి అంచులు అరిగి నున్నగా అయ్యాయి. నాయనకు చెప్పడానికి మొహం చెల్లక, స్టీరింగును కుడికి పట్టి నడుపుతూ వచ్చాను.

ఒకరోజు పొద్దున గొర్రెలను వేసుకుని గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాటు రోడ్డు ఎక్కాం. నాయన పక్కన కూర్చున్నాడు. ఎడమ పక్క లోయ, వెనక లారీ, ఎదురుగా బస్సులు. ఆపుకునే చోటు లేదు, వెనక్కి తిప్పుకునే చోటూ లేదు. ప్రతి మలుపులోనూ బండి లోయ వైపుకే పోతానంటోంది. గొర్రెలు ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా స్టీరింగును ఇంకాస్త కుడికి లాగేవాణ్ణి. మోచేతులు తిమ్మిరెక్కాయి. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చేయి తీయలేకపోయాను.

"ఏందిరా, అట్ల బిగబట్టుకున్నావు?"

"ఏం లేదు నాయనా."

ఆయన తన తువ్వాలుతో నా కళ్లు తుడిచాడు.

"ఎన్నాళ్ల నుంచి లాగుతాంది?"

"నెలయింది."

నాయన ఘాటు దిగేదాకా కుడి చేతిని స్టీరింగుకు దగ్గరగా చాపి ఉంచాడు.

నంద్యాలలో గొర్రెలను దించి నేరుగా చక్రాలు సరిచేసే అలైన్‌మెంట్ షాపుకు వెళ్లాం. అక్కడి మేస్త్రీ బండి కిందికి దూరి చూసి బయటికి వచ్చాడు.

"బండి లేపితే చక్రాల పైభాగం బయటికి వాలుతాదన్నా. దానికి తోడు ఎడమ పక్క ఇంకా ఎక్కువ లేపినారు, అందుకే అటు లాగుతాంది. ఈ ఎత్తు మీద ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు."

"దించితే మా అక్కవాళ్ల ఊరికి పోలేను" అన్నాను.

నాయన మేస్త్రీ వైపు తిరిగాడు. "దించు నాయనా. ఆ కాస్త దారి గొర్రెలే నడిచొస్తాయిలే."

మేస్త్రీ రెండు పక్కలా సమానంగా ఒక అంగుళం ఎత్తు మాత్రమే ఉంచి, చక్రాలు నిటారుగా నిలిచేలా సన్నటి బిళ్లలు దూర్చాడు. ముందు టైర్లు మార్చాడు. చివరగా మిషను మీద చక్రాల దిశ సరిచేశాడు. తిరుగు ప్రయాణంలో గిద్దలూరు దగ్గర తిన్నని రోడ్డు మీద స్టీరింగును రెండు వేళ్లతో పట్టుకున్నాను. బండి గీత గీసినట్టు పోయింది.

అక్క ఇప్పుడు గొర్రెలను తారురోడ్డు దాకా తోలుకొస్తోంది. మొదటిసారి వచ్చినప్పుడు, "ఇంటిదాకా వస్తావనుకుంటిని" అంది. నేను టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగి కూర్చున్నాను.