ఫస్ట్ బేస్ తాకని హోమ్‌రన్

1994లో నేను ఢిల్లీ కంటోన్మెంట్‌లో హవల్దారుని, వ్యాయామ శిక్షకుణ్ణి. బేస్‌బాల్ అంపైరింగ్ తెలిసినవాళ్ళు అప్పట్లో అక్కడ తక్కువ. ఆ చలికాలం ఫరీదాబాద్‌లో మా యూనిట్ జట్టుకూ, ఒక ఫ్యాక్టరీ జట్టుకూ ఫైనల్ పడింది. రావలసిన అంపైరుకు జ్వరం. ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకోవడంతో నేను నిలబడ్డాను.

ఆఖరి ఇన్నింగ్స్. స్కోరు సమానం. ఫ్యాక్టరీ జట్టుకు ఇంకొక్క అవుటే మిగిలింది. అప్పుడు వాళ్ళ బ్యాటర్, వృత్తిరీత్యా వెల్డరు, బంతిని కంచె దాటించాడు. హోమ్‌రన్. అయితే క్రికెట్ సిక్సరులా బంతి దాటితే చాలదు. కొట్టినవాడు నాలుగు మూలల్లో ఉన్న నాలుగు బేస్‌లనూ వరుసగా తొక్కుతూ చుట్టి రావాలి. అతను బంతినే చూస్తూ ఫస్ట్ బేస్ మీదుగా అంగ వేశాడు. కాలు ఆనలేదు. నేను స్పష్టంగా చూశాను.

బేస్ తప్పితే అవుటే. కానీ ఫీల్డింగ్ జట్టు, అంటే మావాళ్ళు, మైదానం వదిలేలోపు అప్పీల్ చేయాలి. వాళ్ళు అడగనిదే అంపైరు నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. ఆ బేస్ దగ్గర మావాడు నాయక్ సింహాచలం ఉన్నాడు. శ్రీకాకుళం మనిషి, నాతో ఒకే బ్యారక్‌లో ఉండేవాడు. అతనూ కంచెవైపే చూస్తున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నేల చూశాను. మావాళ్ళు ఒక్కొక్కరే మైదానం గీత దాటారు. ఆట ముగిసింది, ఫ్యాక్టరీ జట్టు గెలిచింది.

తిరుగు ప్రయాణంలో, లారీలో, సింహాచలం నా పక్కకు జరిగాడు.

"ఆడి అడుగు సప్పుడు ఇనబడనేదు, ఉస్తాద్. బేసు తొక్కినాడా?"

"తొక్కలేదు."

"మీరు సూసినారా?"

"చూశాను."

"మరి సెప్పరేటి! మీరు మనోరు కాదేటి?"

నువ్వు అడగాలి, నేను చెప్పాలి, అదే నిబంధన అన్నాను. అతను లేచి లారీ వెనక చివరకు వెళ్ళి కూర్చున్నాడు.

మర్నాడు కమాండింగ్ ఆఫీసరు పిలిపించి అదే ప్రశ్న అడిగారు. అదే జవాబు చెప్పాను. "అచ్ఛా" అని, ప్రతి శనివారం జట్టుకు నిబంధనలు బోధించమని ఆదేశించారు. సింహాచలం ముందు వరుసలో కూర్చుని అన్నీ రాసుకునేవాడు. నాతో మాత్రం నెల రోజులు మాట్లాడలేదు.

మైదానంలో నేను చేసింది నిబంధన ప్రకారం సరైనదే. తప్పు అంతకుముందు జరిగింది. కెప్టెన్లు ఇద్దరూ సరేనన్నా, సొంత యూనిట్ ఆటకు అంపైరుగా ఉండనని నేను చెప్పి ఉండాల్సింది. తర్వాత పదకొండేళ్ళ సర్వీసులో మరెప్పుడూ అలా నిలబడలేదు.