క్రిస్మస్ నాటి పప్పన్నం

మా ఎమ్మిగనూరులో క్రిస్మస్ డిసెంబరు ఇరవై ఐదున రాదు. నెల మొదట్లోనే వచ్చి మెడ మీద కూర్చుంటుంది. దాని పేరు సెమీ క్రిస్మస్. సగం పండగ అన్నమాట. స్త్రీల సమాజం వాళ్ళదొక సగం, యూత్ వాళ్ళదొక సగం, సండే స్కూలు వాళ్ళదొక సగం, కాలనీ వాళ్ళదొక సగం. ఇన్ని సగాలు కలిపితే ఎన్ని పండగలవుతాయో చూసే ఓపిక నాకు లేదు. ప్రతి సగానికీ ఒక కేకు, ఒక శాలువా, ఒక ముఖ్య అతిథి, చివర్లో పలావు. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తాడు, తొందరగా పోవాలంటాడు. వాక్యం చెప్పే అయ్యగారు శాంతి సమాధానాల గురించి చెబుతూనే మధ్యమధ్య గడియారం చూసుకుంటారు.

ఆ నెలంతా వీధిలో ఎవరిని పలకరించినా ఒకటే మాట, ‘టయిం లేదక్కా’ అని. టైలరు దగ్గర జాకెట్లు రాలేదు, బేకరీలో కేకు చెప్పలేదు, మిద్దె మీద స్టారు ఎక్కించలేదు. పక్కింటివాళ్ళ స్టారు కన్నా మనది రెండడుగులు పైన ఉండకపోతే ప్రభువు దారి తప్పి వాళ్ళింట్లో పుడతాడని భయం కాబోలు. పశువుల పాకలో పుట్టినవాడి పండక్కి ఇంత పరుగెందుకమ్మా అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. నేనూ పుట్టినప్పటి నుంచి మా చర్చి గుడిలోనే మోకరిల్లుతున్నాను. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన పేరు చెప్పి పరుగులు తీసేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

అన్నిటికన్నా మండేది ప్రేమ విందు. పేరులో ప్రేమ ఉంది, విందు ఉంది. వాస్తవంలో ఏముంటుందంటే, మనం కుర్చీలో కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి వెనక ఒక మనిషి వచ్చి నిలబడతాడు. కుర్చీ వీపు పట్టుకుంటాడు. మన ముద్దలు లెక్కపెడుతుంటాడు. వాడి ఊపిరి మన మెడకు తగులుతుంటుంది. అట్లా తిన్న పలావు ఎవరి కడుపులో అరుగుతుందో నాకు తెలియదు.

మా ఆయనకు అరగదు. అసలు లోపలికే పోదు. ఆయన చాలా ఏళ్ళు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేశాడు. రాత్రి పాళీల్లో నిద్ర ఆపుకోవడానికి చెంపలో గుట్కా పెట్టుకునేవాడు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది కానీ ఆయన నోరు మానలేదు. చివరికి పోయినేడు ఎడమ దవడకు ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. నోరు మాత్రం రెండు వేళ్ళ మందానికి మించి తెరుచుకోదు. చిన్న చిన్న ముద్దలు పెట్టుకోవాలి, అన్నం మెత్తగా ఉండాలి, కారం తగిలితే కళ్ళ నీళ్ళు వస్తాయి. ఒక్కోసారి ఎడమ పక్కనుంచి మెతుకులు జారితే తువ్వాలుతో తుడుచుకుంటాడు. నేను తిని, అంట్లు తోమి, వాకిలి ఊడ్చుకుని వచ్చేసరికి ఆయన పళ్ళెంలో ఇంకా సగం ఉంటుంది.

ఈసారి మొదటి సెమీ క్రిస్మస్‌కు ఆయన్ని నేనే బలవంతంగా తీసుకుపోయాను. డబ్బాలో మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టుకున్నాం. అందరితోపాటు బంతిలో కూర్చుని నిదానంగా తింటున్నాడు. మా గుడిలో టేబుళ్ళ మీద పొడుగాటి కాగితం పరుస్తారు. బంతి అయిపోగానే ఆ కాగితాన్ని ఆకులతో, ఎముకలతో సహా ఒక కొసనుంచి చాపలా చుట్టుకుంటూ వస్తారు. ఆ రోజు చుట్టింది మా సంఘపెద్ద. కాసేపటి క్రితమే మైకు పట్టుకుని ‘ఆకలిగొన్న వారిని జ్ఞాపకం చేసుకో తండ్రీ’ అని కళ్ళు మూసుకుని ప్రార్థించిన మనిషి. చుట్టుకుంటూ, చుట్టుకుంటూ మా ఆయన దగ్గరికి వచ్చి, “ఐపోయిందా అన్నా?” అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. డబ్బా ఎత్తి మా ఆయన చేతిలో పెట్టి, కాగితం చుట్టుకుని ముందుకు పోయాడు. వెనకున్న మనిషి అప్పటికే కుర్చీ లాగుతున్నాడు. మా ఆయన ఎంగిలి చేత్తో డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి ఆయన మనుషుల ముందు తినడం మానేశాడు. మనుషులంటే ఊళ్ళోవాళ్ళే కాదు, నేను కూడా. పెళ్ళైనప్పటి నుంచి నాకెదురుగా కూర్చుని తిన్న మనిషి, “ఆడ పెట్టి పో” అని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. పళ్ళెం బయటికి వచ్చేటప్పుడు అందులో అన్నం మిగిలి ఉండేది. రోజురోజుకీ ఇంకాస్త ఎక్కువ మిగిలేది. చొక్కా వదులైంది. నాకు భయం పట్టుకుంది. చాటుగా తినే మనిషి కొన్నాళ్ళకు తినడమే మానేస్తాడు. కత్తి కింద నుంచి బతికి వచ్చినవాడు ఒక కాగితపు చుట్టకు ఓడిపోవాలా?

అందుకే పండగరోజు ఆయన్ని నలుగురిలో కూర్చోబెట్టి కడుపునిండా తినేట్టు చేయాలనుకున్నాను. అంతకు మించి నాకు క్రిస్మస్ అక్కర్లేదు.

ప్రతి పండక్కీ మధ్యాహ్నానికి ఆదోని నుంచి మా బావ, అంటే మా ఆయనకు అన్న, కుటుంబంతో మా ఇంటికి వస్తాడు. తోడికోడలు అక్కకు ముందుగానే ఫోన్ చేశాను.

“అక్కా, ఈతూరి బిర్యానీ ల్యాదు, కేకు ల్యాదు. మీ మరిది ఏం తింటాడో అందరికీ అదే.”

“అదే అంటే ఏందమ్మా?”

“మెత్తటన్నం, పెసరపప్పు, సొరకాయ, పెరుగు.”

“పండగపూట పప్పన్నమా? మేమేమన్నా జొరమొచ్చి లేసినోళ్ళమా?”

“ఇంగొకటక్కా. అందరూ ఒకే బంతి. కడాకు తినే మనిషి అయ్యేదాంక ఎవురూ లెయ్యకూడదు.”

“మీ బావకు సెప్తాలేమ్మా,” అంది. ఆ గొంతులోనే తెలిసింది, ముక్కు విరిచిందని.

నేనేమీ కొత్త చట్టం చేయలేదు. మా చిన్నప్పుడు బంతిలో కూర్చున్నాక చివరి మనిషి చెయ్యి కడిగేదాకా ఎవరూ లేచేవాళ్ళు కాదు. చెయ్యి ఎండిపోయినా కూర్చునేవాళ్ళం. ముందు లేస్తే మా నాయన చూపుతోనే మళ్ళీ కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు ఆ మర్యాద చెబితే నవ్వుతారు.

మా బావ గురించి కూడా చెప్పాలి. తిండి విషయంలో ఆదోని మొత్తానికీ ఆయనే ముందు. పళ్ళెంలో అన్నం పడుతుండగానే సగం లోపలికి పోతుంది. తిన్న పళ్ళెంలోనే చెయ్యి కడిగి, తేన్చి, చెప్పులు ఎక్కడున్నాయని అడుగుతాడు. ప్రార్థన కూడా అట్లాగే చేస్తాడు, ఆమెన్‌తోనే మొదలుపెట్టాడేమో అనిపిస్తుంది.

పండగరోజు తెల్లవారుజామున ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చాను. వీధి వీధంతా మసాలా వాసన, కుక్కర్ల ఈలలు, ‘ఇంగా కాలేదా, ఇంగా కాలేదా’ అనే కేకలు. నేను కాఫీ తాగి, అరుగు మీద కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎదురింటామె చూసి, “వంట కాలేదా అక్కా?” అని జాలిపడింది. నాకు పని లేకపోవడం ఆమెకు పెద్ద కష్టంగా తోచింది.

కొత్త బియ్యం కడిగి, నానబెట్టి, నీళ్ళు ఎక్కువ పోసి సన్నటి సెగ మీద పెట్టాను. పెసరపప్పు కమ్మగా వేయించి, పసుపు వేసి ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, నేతిలో జీలకర్ర, వెల్లుల్లి పోపు పెట్టాను. లేత సొరకాయ ముక్కలు పాలు పోసి మగ్గనిచ్చాను. అంతే వంట. తరగడానికి గుట్టలు లేవు, నూరడానికి మసాలా లేదు, అరవడానికి ఎవరూ లేరు. ఈ రోజుల్లో వంట చేస్తే చేసినట్టు కాదు, చేసి అలిసిపోయినట్టు కనబడాలి. ఆ ముచ్చట నాకు లేదు.

మధ్యాహ్నం కారు హారన్ వినపడింది. బావ, అక్క, వాళ్ళ కొడుకు, కోడలు దిగారు. గడపలోనే ఫొటోలు. ఫొటోలు అయ్యేదాకా నవ్వులు, అవి అయ్యాక, “బిరీన కానీమ్మా, ఇంగా శానా ఇండ్లకు పోవాల,” అంది అక్క. బావ ఒక సంచి తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు.

“హాలహర్వి కాడ సేను కౌలుకిచ్చినాం గదా, ఆయప్ప ఇచ్చినాడు. పచ్చి కందికాయలు. ఉప్పేసి ఉడకెయ్యమ్మా, పోతా దావలో తింటాం.”

పండగపూట తమ్ముడింటికి తెచ్చిన కానుక అది. అదీ ఊరికే వచ్చినవి, మేము ఉడికించి వాళ్ళకే కట్టివ్వాలి. పళ్ళు నూరుకుంటూనే పొయ్యి మీద పెట్టాను.

మా ఆయన లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“నేను తర్వాత తింటాలే,” అన్నాడు.

“అందురికీ అదే పెడతాండాను. నీకు యేరే ల్యాదు, వాళ్ళకు యేరే ల్యాదు. రా.”

చెంప తడుముకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, వచ్చి గోడ పక్కన చివర కూర్చున్నాడు. నాకు గెలిచినంత సంతోషమైంది.

బావ ప్రార్థన అనే పేరుతో నాలుగు మాటలు మింగాడు. వడ్డించాను. అక్క, “ఊరగాయన్నా ఎయ్యమ్మా,” అంది. “అటక మీదుండాది, ఈ పొద్దు దిగదు,” అన్నాను.

ఇక్కడే నేను అనుకున్నదంతా తలకిందులైంది. కోడికూర ఉంటే ఎముకలతోనైనా కాసేపు పెనుగులాడేవాళ్ళు. మెత్తటి పప్పన్నానికి పళ్ళతో పనేముంది? కలిపినంతసేపు కూడా పట్టలేదు తినడానికి. బావ మూడుసార్లు పెట్టించుకుని కూడా, మా ఆయన నాలుగు ముద్దలు తినేసరికి ముగించాడు. పళ్ళెంలో చెయ్యి కడగబోతుంటే, “బావా,” అన్నాను గట్టిగా. ఆగాడు. అందరూ ఆగారు. చేతులు ఎండబెట్టుకుని, చేసేదేమీ లేక, అందరూ మా ఆయన నోటి వైపు చూడటం మొదలుపెట్టారు.

“నిదానంగా తినప్పా, తొందరేం ల్యాదులే,” అంది అక్క, గోడ గడియారం చూస్తూ. కోడలు మొగుడి చెవిలో ‘పాపం’ అంది. చెవిలో చెప్పినా ఇల్లంతా వినపడింది. మా ఆయన పెదవి పక్కనుంచి మెతుకులు జారాయి. తువ్వాలుతో తుడుచుకున్నాడు. తర్వాతి ముద్ద కలుపుతూ వేళ్ళు ఆగిపోయాయి. లేవడానికి ఎడమ చెయ్యి నేలకు ఆనించాడు.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కాగితం చుట్టిన పెద్దమనిషి కనీసం చూడకుండా చుట్టుకుపోయాడు. నేను నలుగురినీ కూర్చోబెట్టి మరీ చూపిస్తున్నాను.

అప్పుడు మా బావ ముక్కు ఎగబీల్చాడు. “ఏమ్మా, ఆ కాయలు ఉడికినాయా ల్యాదా? దావలో ఎందుకు, ఈడనే తెచ్చి పొయ్యి.”

నీళ్ళు వంచి, వెడల్పాటి పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టాను. పొగలు కక్కుతున్న కందికాయలు. అంతే, తలలన్నీ వంగాయి. కందికాయ ఎంత ఆత్రం ఉన్నవాడికైనా తొందరపడి లొంగదు. ఒక్కొక్కటీ ఒలవాలి, గింజలు తీయాలి, వేళ్ళు కాలితే ఊదుకోవాలి. బావ నోటినిండా గింజలతో హాలహర్వి చేను గట్టు తగాదా మొదలుపెట్టాడు. అక్క లావు కాయలన్నీ ఏరుకుంటున్నాడని కొడుకును తిట్టింది. కోడలు ఫోను పక్కన పడేసింది. మా ఆయన వైపు చూసేవాడు ఒక్కడు లేడు.

ఆయన ఎడమ చెయ్యి నేల మీదనుంచి మోకాలి మీదికి వచ్చింది. ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. గట్టు తగాదాలో ఎవరో బురదలో పడ్డారని బావ చెబితే నవ్వాడు. నవ్వుతుంటే మెతుకులు జారాయి, తుడుచుకున్నాడు. అది నేను తప్ప ఎవరూ గమనించలేదు. పళ్ళెం ఖాళీ అయింది.

“ఇంగొంచెం అన్నం ఎయ్యి,” అన్నాడు.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. లేచి పోయి చూస్తే గిన్నె అడుగున నాలుగు మెతుకులు. బావ మూడు వడ్డనల పుణ్యం. మళ్ళీ బియ్యం కడుగుతుంటే అక్క ఫోను మోగింది. ఏదో ఇంటివాళ్ళు, ఇంకా రాలేదేమని. అక్క బావ వైపు చూసింది.

“రాలేమని సెప్పు,” అన్నాడు బావ, తల ఎత్తకుండా కాయ ఒలుస్తూ. “ఈడ ఇంగా అన్నం ఉడకాల.”

తమ్ముడి మీద ప్రేమతో అనలేదు. పళ్ళెంలో కాయలు ఇంకా సగం ఉన్నాయి. ఆయన్ని నేను బాగా ఎరుగుదును. అయినా నెలంతా కేకులు కోసి ప్రేమ, ప్రేమ అని మైకులు పగలగొట్టినవాళ్ళ వల్ల కానిది ఈ తిండిపోతు వల్ల అయింది. ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

బియ్యం సన్నటి సెగ మీద పెట్టి మా ఆయన దగ్గరికి వచ్చాను. “మెత్తగా ఉడకల్లంటే శానా సేపైతాది. లోపలికి పోయి పండుకో, అయినాక పిలుస్తా,” అన్నాను.

ఆయన ఎండిపోయిన చెయ్యి పళ్ళెంలోనే ఉంచుకుని నా వైపు చూశాడు.

“యాడికీ పోను. ఈడనే కూసుంటా,” అన్నాడు.