అమ్మ ఎత్తి పట్టిన తెల్ల దుప్పటి

మా చిన్నప్పుడు సముద్రం మా ఇంటికి పోస్టులో వచ్చేది...

బాపు మస్కట్‌లో కూలిపని చేసేవాడు. ఏడాదికి రెండుసార్లు రాయికల్‌లోని మా ఇంటికి కవరు వచ్చేది. అందులో ఉత్తరం, ఒక ఫోటో. ఫోటోలో బాపు, ఆయన వెనక సముద్రం. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని మరీ చూసేది.

ఒకసారి ఫోటో వెనక రాశాడు... "నువ్వు గూడ సముద్రం కాడ ఒక ఫోటో దిగి పంపు. నాకు జూడాలనుంది."

మా దిక్కు సముద్రం ఎక్కడిది! అమ్మ నవ్వి ఫోటోను బియ్యం డబ్బాలో దాచింది. కానీ ఆ మాట మాత్రం మనసులో పెట్టుకుంది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు కాక అందరినీ జీపులో విజయవాడ తీసుకుపోయాడు. కాక అంటే బాపు తమ్ముడు. కోరుట్లలో ఫోటో స్టూడియో. మెడలో కెమెరా ఉంటే చాలు, ఆయన కాళ్లు నేల మీద ఆనేవి కావు. దర్శనం అయ్యాక బాపట్ల సముద్రానికి పోదామన్నాడు. అమ్మ ఆ రోజు కోసమే చిలకపచ్చ చీర మడత విప్పకుండా తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు చేరాం. పొద్దు నీళ్లలోంచి లేస్తోంది. కాక మమ్మల్ని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టాడు. వెనక పొద్దు పడాలట, స్టూడియో అద్దాల్లో పెట్టుకోవాలట! కెమెరాలో చూసి "ఛ" అన్నాడు. ఎండంతా మా వెనక... మొహాలన్నీ నలుపు.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి మాతోపాటే నిలబడి ఉంది.

"వదినె, నువ్వు గిటు రా. జీపుల తెల్ల దుప్పటుంది గదా... దాన్ని పొద్దుకు ఎదురుంగ వట్టు. ఎలుగు వీళ్ల మొకాల మీద వడాలె."

"మరి నేను దిగద్దా తమ్మీ?"

"నువ్వు నల్లగుంటవ్ వదినె, గీ ఎండల సక్కగ రావు. తర్వాత జూద్దాం తియ్యి."

కాక భార్య, మా చిన్నమ్మ, ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ఆ దుప్పటి అమ్మ పుట్టింటిది. సిరిసిల్లలో మా మేనమామ తన మగ్గం మీద నేసి పెట్టింది. అమ్మ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని రెండు కొసలూ ఎత్తి పట్టింది. గాలికి అది ఫటఫటా కొట్టుకునేది. "గట్ల గాదు వదినె! జర వంచు! ఆఁ... కదలకు!" అని కాక కేకలు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, రీలు అయిపోయేదాకా! దుప్పటి ఎత్తి పట్టుకున్న మనిషికి సముద్రం కూడా కనబడదు. ఎదురుగా గుడ్డే.

చివరికి అడిగింది. "నాకొక్కటి దియ్యి తమ్మీ. మీ అన్న పంపుమన్నడు."

"రీలు అయిపాయె గద వదినె."

చిన్నమ్మవి ఒక్కదానివే ఆరు ఫోటోలు. పడవది ఒకటి. పీతది ఒకటి! పీతకున్న పాటి విలువ మా అమ్మకు లేకపోయింది.

ఆ ఫోటోలు మస్కట్ పోయాయి. బాపు జవాబు వచ్చింది... "అందరున్నరు, నువ్వేది? నువ్వు పోలేదా?"

అమ్మకు రాయడం రాదు, ఉత్తరాలు నేనే రాసేదాన్ని. "దుప్పటి వట్టినోళ్లు ఫోటోల వడరని రాయి బిడ్డా" అంది. రాశాను. మళ్లీ తనే, "అద్దు, కొట్టెయ్యి. అన్నదమ్ములకు పంచాయితి వడ్తది. జరమచ్చి ఇంటికాడనే ఉన్ననని రాయి" అంది.

అక్షరం కూడా కనబడకుండా కొట్టేశాను. ఆ చేతిని ఇప్పుడు తిట్టుకుంటున్నాను. ఆ తర్వాత బాపు వచ్చినా అమ్మ నోరు విప్పలేదు, నన్ను విప్పనివ్వలేదు. బాపు ఇప్పుడు లేడు. అమ్మ సముద్రం దాకా రాలేదనే అనుకుంటూ పోయాడు.

పోయినేడు నా పిల్లలతో అదే ఒడ్డుకు పోయాను. సాయంత్రం... పొద్దు ఊరి వైపు దిగుతోంది. పిల్లలు సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ఎండ నేరుగా వాళ్ల మొహాల మీదికే వచ్చింది. దుప్పటీ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు! చిన్నప్పుడు వచ్చిన ఆ రోజు కూడా మేము చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. సాయంత్రానికి నాలుగు ఫోటోలు మిగుల్చుకుని ఉంటే అమ్మ కూడా దిగేది.

సాయంత్రానికి నాలుగు ఎందుకు మిగల్చలేదని కాకకు ఫోన్ చేసి అడిగాను. "గప్పుడు గవన్ని ఎవలకు దెల్సు బిడ్డా? అయినా మీ అమ్మకు ఫోటోలంటే ఇష్టం లేకుండె" అన్నాడు.

ఎంత అబద్ధం! ఠక్కున పెట్టేశాను.

మొన్న అదే కాక, ఆ రోజు నన్ను దగ్గరగా తీసిన ఫోటో మా కుటుంబం గ్రూపులో పెట్టాడు. "నా బెస్ట్ ఫోటో" అట. "ఏం లైటింగ్ కాకా!" అని అందరూ చప్పట్లు. పెద్దది చేసి చూశాను. నా కళ్లలో, నల్లగుడ్డు మీద, నాలుగు మూలల చిన్న తెల్ల మచ్చ...

అమ్మకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని, "గిది నా దుప్పటి గదనే!" అని నవ్వింది.

"పోదాం పా అమ్మా. సాయంత్రం పూట నేను దీస్త నీ ఫోటో" అన్నాను.

"ఇప్పుడు దిగి ఎవలకు పంపాలె బిడ్డా?" అంది.

గ్రూపు తెరిచాను. ఆ ఫోటో కిందే రాశాను... "లైటు పట్టింది రాజవ్వ. మా అమ్మ." కాక చూశాడు. టిక్కులు నీలంగా మారాయి.

ఇప్పుడు రీలు అయిపోవడమనేదే లేదు... రోజుకు వంద దిగుతున్నాం. అయినా ఎవరినో ఒకరిని పక్కకు జరపడం మాత్రం పోలేదు. మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే తీయండి. ఉన్నవాళ్లను కాదు, లేనిది ఎవరో చూడండి. ఆ మనిషి పేరు ఇక్కడ రాయండి... "నువ్వు సక్కగ రావు" అన్నది ఎవరో కూడా రాయండి. నాకేం అభ్యంతరం లేదు.