బఠానీలకు చలేస్తుందట!

సెప్టెంబరు ఉక్కలో బఠానీ మొలకెత్తించడమంటే మాటలు కాదు, వేడి తగిలితే గింజ మట్టిలోనే కుళ్లిపోతుంది. రెండుసార్లు అలాగే పోయాయి. సిమ్లా నుంచి మిత్రుడు తెచ్చిన విత్తనాల్లో ఆఖరి గుప్పెడు, ఆర్.కె. పురంలో మా అబ్బాయి క్వార్టరు డాబా మీది ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లో నాటి, గాలాడేలా తెరలన్నీ ఎత్తి కట్టాను. నీళ్లు చల్లమని పక్కింటి మూర్తిగారికి అప్పజెప్పి మూడు రోజులు ఘాజియాబాద్‌లో అమ్మాయి ఇంటికి వెళ్లాను.

ఈ సాయంత్రం వచ్చి చూస్తే తెరలన్నీ దించేసి, తాళ్లతో బిగించి ఉన్నాయి. లోపల ఆవిరి, కుళ్లు కంపు. మూర్తిగారు సెక్షన్ ఆఫీసరు. ఆఫీసులో ఫైళ్లను కూడా ఇలాగే ఊపిరాడకుండా కడతారని విన్నాను, అది వేరే కథ.

"ఎవరండీ మూసింది?"

"నేనే గురువుగారూ! చలి పంటలని మీరే కదా అన్నారు. పాపం, చలేస్తుందని మూసేశా."

"చలి పంటలంటే చలి కావలసినవండీ!"

"అచ్ఛా! మరి ఆ మాట రాసిచ్చి వెళ్లాలి కదా?"

ఫ్యాను ఆపి, కిటికీలు బిగించి, ఈయన్ని మూడు రోజులు గదిలో ఉంచితే మొలకెత్తుతారేమో చూడాలనుంది. కావాలంటే ముందుగా రాసిస్తాను. సాక్షి సంతకానికి ఎవరొస్తారు?