ఆనుకున్నంత సేపే

ఆ రోజుల్లో నా గొంతుకున్న అందం నాకు లేదని తెగ దిగులుపడేదాన్ని. యూసుఫ్‌గూడలో గది అద్దెకు తీసుకుని, ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. తెలుగు రాని హీరోయిన్లు తెర మీద పెదాలు కదిపితే, మైకు ముందు నిలబడి వాళ్ల తరఫున ఏడ్చేదాన్ని, అలిగేదాన్ని, ప్రేమించేదాన్ని. నాకు 'సింగిల్ టేక్' అని పేరు. ఆ పేరుకు తగ్గ పొగరూ ఉండేది (అది తగ్గాలని మా అమ్మ చర్చిలో ప్రార్థించేది).

ఒక సినిమాలో హీరోయిన్ సైంటిస్టు. డైలాగుకు నోరు తిరగక, షూటింగులో ఆ అమ్మాయి అంకెలు చదివేసింది. (ఇది మాకు మామూలే. మీరు కళ్లు తుడుచుకున్న కొన్ని ప్రేమ సన్నివేశాల్లో నిజానికి ఉన్నవి ఒంట్లూ ఎక్కాలే.) ఆ పెదాలకు మేం మాటలు అతకాలి. సైన్సు తప్పు పోకుండా చూడ్డానికి ఒక కుర్ర పరిశోధకుణ్ణి పిలిపించారు. ఇస్త్రీ లేని చొక్కా, నెమ్మదైన మాట. బాగా చల్లబరిస్తే కొన్ని లోహాల్లో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి అడ్డు లేకుండా సాగిపోతాయట, అవి సూపర్ కండక్టర్లట. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని మామూలు తీగను దానికి శుభ్రంగా ఆనిస్తే, ఆ జంటలు కాస్త దూరం ఇందులోకీ వచ్చి, దీనికీ ఆ గుణం అబ్బుతుందట.

"ఆర్నెల్లు సావాసం జేస్తే వాళ్లు వీళ్లయితరు, గంతే గద సార్" అన్నాడు డబ్బింగ్ ఇన్‌ఛార్జి అన్న.

"అంతేనండీ. ఆర్నెల్లు కూడా అక్కర్లేదు" అన్నాడాయన. నేను అప్పుడే పడిపోయాను.

రచయిత రాసిన మాట 'ఒక్కసారి తాకితే ఎప్పటికీ' అని. ఆయన ఒప్పుకోలేదు. "ఎప్పటికీ కాదండీ. ఆనుకున్నంత సేపే."

"ఎప్పటికీ అంటే పెదాలకు మస్తుగ కూసుంటది సార్. జర ఇడిసిపెట్టుండ్రి."

"అబద్ధం కదండీ" అన్నాడాయన, ఏదో తన పరువు పోతున్నట్టు. చివరికి ఆయన మాటే నెగ్గింది. కానీ ఆ లైను ఓకే అయితే ఆయన వెళ్లిపోతాడు, మళ్లీ ఫిల్మ్‌నగర్‌తో ఆయనకేం పని? అందుకే సింగిల్ టేక్ అమ్మాయి 'ఎప్పటికీ' అనేసింది. మళ్లీ అనేసింది. ప్రతిసారీ ఆయన నా పక్కకొచ్చి, విసుక్కోకుండా మొదటి నుంచి వివరించేవాడు.

"ఏందమ్మా, ఇయ్యాల నీకేమైంది?" అన్నాడు అన్న. "అవుతల ఇంకో హీరోయిన్ నీ గొంతు కోసం ఎదురుజూస్తుంది."

ఇక తప్పక సరిగ్గా చెప్పాను. ఓకే అయిపోయింది. లిఫ్ట్ దాకా సాగనంపుతూ, ఏదో ఒకటి అడగాలని అడిగాను. "మామూలు తీగ సంగతి సరేనండీ. ఆ సూపర్ కండక్టర్‌కి ఏమీ కాదా?"

ఆయన నేల చూపులు చూశాడు. "అవుతుందండీ. ఆనుకున్న చోట అదీ కొంచెం బలహీనపడుతుంది. మావాళ్లు దాని గురించి అంతగా మాట్లాడరు." చెవులు ఎర్రబడ్డాయి. లిఫ్ట్ ఎక్కి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు, నేనేమైనా అంటానేమోనని.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో పిల్లలకు డబ్బింగ్ నేర్పుతున్నాను. ఆయన ఎక్కడున్నాడో తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ఉంటుంది. ఎందరి తరఫునో 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని తడుముకోకుండా చెప్పిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. తన తరఫున ఆ రోజు అది అన్నది ఒకే ఒక్క మాట.

"జాగ్రత్తగా వెళ్లండి."