పునుగు వాసన పట్టిన రాతిపువ్వు

అమ్రాబాద్ అడవి అంచు పల్లెలో ఉప్పలమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. భర్త పోయాక పదకొండేళ్లుగా బండల మీద మచ్చల్లా పెరిగే రాతిపువ్వు ఏరి, ఎండబెట్టి, మసాలా దుకాణాలకు ఇచ్చి బతుకు వెళ్లదీస్తోంది. వాన పడి పువ్వు నానిన రోజునే మొండికత్తితో గీకేది. అరచేతంత మచ్చ కనిపిస్తే సగం వదిలేసేది. అది మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది మరి.

1961లో ఒక పొద్దున మూట నెత్తిన పెట్టుకుని దిగుతుంటే అడవి కాపలా కాసే జంగ్లాత్ జవాను అడ్డం వచ్చి ముక్కు మూసుకున్నాడు.

"పునుగుపిల్లిని సంపినవ్! నీ చిట్టి ఇటియ్యి. ఇగ అడవిల అడుగు పెట్టకు."

మూట విప్పి చూపించింది. ఉన్నదంతా రాతిపువ్వే. అయినా వాసన గుప్పుమంది. "తోలు యాడ దాసినవ్?" అని పట్టుపట్టి, అడవిలోకి పోనిచ్చే ఆ చిట్టి లాక్కుని జేబులో వేసుకున్నాడు. అడవి లేకపోతే ఆమెకు తిండి లేదు.

అప్పుడు తట్టింది తప్పెక్కడ జరిగిందో. ఎప్పుడూ ఆరబెట్టే బండ పాకుడు పట్టిందని, ఈసారి చీలిక ఉన్న వేరే బండ మీద మూడు రోజులు పరిచింది. పాడు జలుబు, ముక్కు పనిచేస్తే కదా!

"జర నా ఎంబడి రాండ్రి జవాన్ సాబ్. తోలు గాదు, పిల్లినే సూపిస్త."

దారి పొడుగునా ఆమె నోరు మూతపడలేదు. "పునుగుపిల్లి యాడికి పోతె ఆడ తన వాసన రుద్దుకుంట పోతది. రాతిపువ్వు కదలది, మెదలది. ఎవలి వాసనొచ్చినా పట్టుకుంటది. అది ఎలుకల్ని తింటది, గిది గాలీ మంచూ తాగి బతుకుతది. గిదేం పాపం జేసింది, నేనేం పాపం జేసిన?"

బండ చీలికలో కట్టెతో తట్టింది. ఏమీ లేదు. మళ్లీ తట్టింది. జవాను మీసాల్లో నవ్వుకున్నాడు. మూడోసారికి చారల తోక పునుగుపిల్లి బుస్సుమంటూ వచ్చి అతని కాళ్ల సందులోంచి దూసుకుపోయింది. ఊరికే పోలేదు, ఖాకీ లాగు తడిపి మరీ పోయింది.

ఉప్పలమ్మ బండ మీద కూలబడి ఏడ్చింది. అంత హాయిగా ఆమె ఏనాడూ ఏడవలేదు. జవాను చిట్టి తిరిగి ఆమె చేతిలో పెట్టి, లాగు వాసన చూసుకున్నాడు.

"గిట్ల ఆఫీసుకు పోతె ఏమంటరో?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పిల్లిని సంపినవంటరు సాబ్. ఫికర్ జెయ్యకుండ్రి, నేనొచ్చి సాచ్చెం జెప్త."