నర్సక్క ఆపని బతుకమ్మ

లాల్‌పేట్‌లో మరాఠీ నేల మీద ఉన్న మా తెలుగు గల్లీ మలుపు దగ్గరి వీధిదీపం తామే వేయించామని చెప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకాయన ఆ మాట చెప్పుకుని ఆ తర్వాతి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు కూడా. అసలు వేయించింది నర్సక్క. ఆమె మాత్రం చెప్పుకోదు. చెప్పుకుంటే ఎలా వేయించిందో కూడా చెప్పాల్సి వస్తుంది మరి.

నర్సక్క మా ఎదురింటి మనిషి. భర్త బొగ్గు బాయిలో పనిచేస్తూ పోయాడు. ఆ ఉద్యోగం కొడుకు పోశంకి వచ్చింది. ఉద్యోగంతో పాటు తండ్రి మీసం, తండ్రి కోపం కూడా తనకే రావాలని పోశం అనుకున్నాడు, తెచ్చుకున్నాడు. కూతురు జయ బజారులో వెంకన్న సేఠ్ చీరల దుకాణంలో పనిచేసేది. ఒక చీర చూసిపోదామని వచ్చినవాళ్ల చేత మరాఠీలోనో తెలుగులోనో నవ్వించి మూడు కొనిపించే పిల్ల. ఆ నౌకరీ అంటే దానికి ప్రాణం. కాకపోతే ఇల్లు చేరేసరికి చీకటి పడేది.

నగరపాలిక మహానగరపాలికగా మారిన ఏడాది అది. పాత వార్డుల సరిహద్దు గీతలు చెరిపేసి కొత్తవి గీస్తున్నారు. సరిగ్గా అప్పుడే మా మలుపులో దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు మా గల్లీ రాజక్క మెడలోని పుస్తెలతాడు తెంపుకుపోయారు. ఫిర్యాదు రాసుకున్న పోలీసు జమాదారు, దొంగలను మేం వెతుకుతాం, ముందు మీరు దీపం సంగతి చూసుకోండి అన్నాడు. ఆ మాట విని పోశం ఇంట్లో తీర్పు చెప్పేశాడు.

"దీపం వచ్చేదాక జయ దుకాణంకు పోవుడు బంద్."

"దీపం ఆరితె నన్నెందుకు ఇంట్ల కూసోబెడుతున్నవే అన్నా?" అంది జయ.

పోశం మీసం దువ్వుకున్నాడు. నర్సక్క మధ్యలో దూరి, దసరా దాకా గడువు అడిగింది. అప్పటిదాకా తానే రోడ్డు మీదికి ఎదురెళ్లి పిల్లను తెచ్చుకుంటానంది. చీకటి పడితే ఆమెకు చూపు ఆనదు, అంచేత ఎవరు ఎవరిని తెస్తున్నారో చూసేవాళ్లకు తెలిసేది కాదు.

మర్నాడే నర్సక్క మా నగరసేవకుడు, అంటే కార్పొరేటరు, సీతారాం ఇంటికి వెళ్లింది.

"కొత్త గీత మీ దీపపు ఖంబం కిందికెళ్లే పోతుందక్కా," అన్నాడాయన. "అది నా వార్డుల పడ్తదా, పక్క వార్డుల పడ్తదా అన్నది తేలాలె. తేలినంక పక్కా దీపం వేపిస్త."

"గందాక ఆగుర్రి అని దొంగలకు నువ్వే జెప్పు మరి."

సీతారాం నవ్వాడు. చెడ్డవాడు కాదు పాపం. పండుగ దీపానికైతే వార్డు గొడవ లేదు, బతుకమ్మకు పంపిస్తానన్నాడు. ఏటా ఎర్రయ్య అనే నగరపాలిక దీపాలతను నిచ్చెన తెచ్చి ఆ ఖంబానికి పెద్ద దీపం కడతాడు, పండుగ అయిన మర్నాడు విప్పుకుపోతాడు. ఆ ఏడూ కట్టాడు. మేం ఆడుకున్నాం. జయ తలెత్తుకుని ఇంటికొచ్చింది. మోటారుసైకిలు చప్పుడే లేదు.

ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు ఎర్రయ్య నిచ్చెనతో వచ్చేసరికి, నర్సక్క పూల తాంబాళం ముందు పెట్టుకుని ఖంబం కింద కూర్చుని ఉంది.

"పండుగ ఖతమైంది గదక్కా?"

"ఏడ ఖతమైంది? బొడ్డెమ్మ ఉంది గద."

ఎర్రయ్య నోరు తెరిచాడు. బొడ్డెమ్మ ఆడేది బతుకమ్మకు ముందు. తర్వాత ఆడడమంటే పెళ్లయ్యాక పెళ్లిచూపులకు వెళ్లినట్టు.

"నేను తెలుగోన్నే అక్కా!"

"ఎరికే. మీ సాహెబ్ కాదు గద. ఆయనకు జెప్పు పో."

ఎర్రయ్య వెళ్లి, తెలుగువాళ్ల పండుగ ఇంకా నడుస్తోందని మరాఠీలో చెప్పాడు. దీపాల ఆఫీసులో ఆ సాహెబ్ ఎవరి దేవుడి జోలికీ పోని మనిషి. ఆట ఉన్నన్నాళ్లు ఉంచు, ఆట లేని రోజు విప్పేసి రా అన్నాడట.

దాంతో కష్టం మాకొచ్చి పడింది. రోజూ ఆట నడవాలి! మాలో పెద్దదైన ఐలమ్మ భయపడింది.

"కాలం గాని కాలంల ఆడితె గౌరమ్మకు కోపం రాదానే?"

"ఆడివిల్ల చీకట్ల గజగజ వణుక్కుంట వస్తె రాదా కోపం?" అంది నర్సక్క.

ఐలమ్మ కొంగు బిగించి ఆటలోకి దిగింది. తంగేడు, గునుగు దొరకడం మానేశాయి. బంతితో లాగించాం. బంతి కూడా అయిపోయాక గుమ్మడి ఆకులు పేర్చాం. ఒకరోజు నర్సక్క గోబీపువ్వు తెచ్చి నడిమధ్యన నిలబెట్టింది. ఆడడం అయ్యాక దాన్నే కూర వండింది, నాకూ ఒక గిన్నె పంపింది. వచ్చిన పాటలన్నీ ఒడిసిపోయి నల్లా నీళ్ల మీదా, అత్తల మీదా, సీతారాం మీదా ఉయ్యాలో అంటూ అల్లుకున్నాం. ఎవరైనా రాకపోతే నర్సక్క ఇంటికొచ్చి తలుపు బాదేది. బాయి దగ్గర హాజరు వేసే గుమాస్తా బాబు కూడా అంత గట్టిగా ఉండడు. తిరిగి తిరిగి నా మోకాళ్లు వాచిపోయాయి. ఆమెను ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. కానీ వెలుగులోకి జయ అడుగుపెట్టగానే ఆమె ముఖం చూస్తే తిట్లన్నీ మింగేసేదాన్ని.

పోశం మా పిచ్చి చూసి "గల్లీ అంత పిస లేసింది" అనేవాడు. దసరా గడువు మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

పక్కా దీపం ఎన్నికలయ్యాక, వార్డు తేలాక, ఎండాకాలంలో, నర్సక్క దిగనివ్వని ఆ పండుగ దీపం స్థానంలోనే వచ్చింది. అంతకుముందు మాఘమాసంలో ఒక సాయంత్రం ఆట ఆగిపోయేదే. గల్లీలోని మిగతా ఆడవాళ్లంతా మంచిర్యాలలో పెళ్లికి వెళ్లారు. నర్సక్క జ్వరంతో మంచం పట్టింది. నేను మోకాలికి పట్టు వేసుకుని గడపలో కూర్చున్నాను. ఇన్ని నెలలుగా నడుస్తున్న పండుగ ఎలా ఉంటుందో చూద్దామని సాహెబే జీపులో వచ్చాడు, వెనకాలే నిచ్చెనతో ఎర్రయ్య. ఖంబం కింద పిట్ట కూడా లేదు.

ఎదురింట్లో నర్సక్క లేవబోయి మళ్లీ మంచం మీద కూలబడింది. "జయ వచ్చే యాళ్లయింది, ఆట..." అంటోంది. అప్పుడే బాయి నుంచి వచ్చిన పోశం ఆమెను పడుకోబెట్టాడు, దుప్పటి కప్పాడు. మూలనున్న తాంబాళం అందుకుని బయటికి నడిచాడు.

దాన్ని ఖంబం కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత ఆ మీసాల మనిషి నడుం వంచి, చప్పట్లు కొడుతూ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. "బాయిల దిగితి ఉయ్యాలో, బొగ్గు తవ్వితి ఉయ్యాలో" అని గొంతెత్తాడు. రాగం లేదు, తాళం లేదు, సిగ్గు మాత్రం చెవుల దాకా ఎర్రగా కనిపిస్తోంది.

సాహెబ్ ఆశ్చర్యపోయి ఎర్రయ్యను ఏదో అడిగాడు. ఎర్రయ్య పెదవి కూడా కదలకుండా, "ఇవాళ మగవాళ్ల వంతు, సాహెబ్," అని మరాఠీలో చెప్పాడు. సాహెబ్ చెప్పులు విడిచి, తాంబాళానికి దండం పెట్టాడు.

అప్పుడే మలుపు తిరిగి జయ వచ్చింది. అన్నను చూసి, నవ్వు ఆపుకోలేక సంచీతో సహా అక్కడే కూలబడింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పోశం తిరగడం ఆపలేదు. చెల్లెలి పక్కకు వచ్చినప్పుడు పళ్ల బిగువున అన్నాడు:

"నవ్వుడు బంద్ జేసి చప్పట్లు కొట్టవే. ఇప్పుడు దీపం పీక్కపోయిండ్రనుకో, రేపు నువ్వు డ్యూటీకి ఎట్ల పోతవ్?"